పెడల్ డబ్బా, లోపలా పైనా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గిటార్ ఎఫెక్ట్ పెడల్, అంటే గిటార్‌కి, ఆంప్లిఫయర్‌కి మధ్య కలిపి కాలితో తొక్కే చిన్న డబ్బా, ఇంట్లో ఎలా చేసుకోవాలో రెండు నెలల కిందట ఈ పేజీలో రాశాను. రెండు ట్రాన్సిస్టర్లతో చేసే ఫజ్ సర్క్యూట్ అది. తీగ మీటితే వచ్చే శుభ్రమైన శబ్దాన్ని కావాలనే గరుకుగా, మందంగా మార్చేది ఫజ్. అప్పటినుంచి వచ్చిన ప్రశ్నల్లో సర్క్యూట్ గురించి అడిగినవి తక్కువ. హమ్ (గుయ్యిమనే రొద) పోవడం లేదని, షాక్ కొడుతోందని, డబ్బాకి చిల్లులు సరిగా పడటం లేదని అడిగినవే ఎక్కువ. అలాగే ఉంటుందని నాకు తెలుసు. తెనాలిలో ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపు ఇరవై ఆరేళ్లు నడిపాను. నా బల్ల మీదకి వచ్చిన ఇంటి పెడల్స్‌లో సర్క్యూట్ తప్పులు కొన్నే. మిగతావన్నీ డబ్బా దగ్గర చెడినవే. చాలామంది డబ్బాని సర్క్యూట్‌కి తొడిగే చొక్కా అనుకుంటారు. నా లెక్కలో అది కూడా బోర్డు మీది రెసిస్టర్ లాంటి ఒక పార్టే. కింది జవాబులన్నీ ఆ లెక్కతోనే రాశాను.

ప్రశ్న: మీరు రాసినట్టే ఫజ్ కట్టి, ప్లాస్టిక్ స్విచ్ బాక్సులో బిగించాను. గిటార్ వాయించకపోయినా గుయ్యిమని ఒకటే రొద. బోర్డు రెండుసార్లు కొత్తగా కట్టాను, అయినా పోలేదు. తప్పు ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మూడోసారి కట్టకండి. నోట్ సరిగా మోగుతోందంటే మీ బోర్డు బాగానే ఉన్నట్టు. ఫజ్ పనే చిన్న సిగ్నల్‌ని కొన్ని వందల రెట్లు పెంచడం. గిటార్ నుంచి వచ్చేది మామూలుగా అర వోల్టు కూడా ఉండదు. మీ గది గోడల్లో 230 వోల్టుల కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతూ ఉంటుంది. ఇన్‌పుట్ జాక్ నుంచి బోర్డుకి వెళ్లే ఆ నాలుగంగుళాల వైరు యాంటెన్నాలా ఆ ఊపుని పట్టేస్తుంది, ఫజ్ దాన్ని కూడా వందల రెట్లు పెంచుతుంది. ప్లాస్టిక్ డబ్బా ఆ ఊపుని ఆపలేదు. గ్రౌండ్‌కి, అంటే సర్క్యూట్ మొత్తానికి సున్నా వోల్టుగా లెక్కేసే వైరుకి, కలిపిన లోహపు డబ్బా ఆపుతుంది.

డబ్బా మార్చేముందు మూడు చిన్న పరీక్షలు చేయండి. అడాప్టర్ తీసి 9 వోల్టుల బ్యాటరీతో నడపండి. రొద పోతే తప్పు అడాప్టర్‌ది. పోకపోతే గిటార్ పట్టుకుని కూర్చున్నచోటే మెల్లగా ఒక చుట్టు తిరగండి. మీరు తిరిగే దిక్కుని బట్టి రొద పెరిగి తగ్గుతుంటే అది గిటార్ సింగిల్ కాయిల్ పికప్ (తీగల ఊపుని సిగ్నల్‌గా మార్చే ఒంటి తీగచుట్ట) పట్టుకునే హమ్. దానికి ఏ డబ్బా మందు కాదు. ట్యూబ్‌లైట్‌కి, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా జరగడమే మార్గం. ఇక మూడోది. గిటార్ తీగల మీద అరచెయ్యి పెట్టండి, లేదా జాక్ లోహం ముట్టుకోండి. రొద ఠక్కున తగ్గితే షీల్డింగ్, అంటే బయటి ఊపుని ఆపే లోహపు చాటు, లేదని అర్థం. మీ ఉత్తరం చదివితే నాకు ఇదే అనిపిస్తోంది.

లోహపు డబ్బా దొరికేదాకా ప్లాస్టిక్ డబ్బాతోనే నెట్టుకురావాలంటే లోపలి గోడలన్నిటికీ, మూతకి కూడా, రాగి రేకు టేపు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కేలా అంటించండి. అతుకుల దగ్గర ఒక్కో చుక్క టంకం పెట్టండి. అక్కడినుంచి ఒక వైరు ఇన్‌పుట్ జాక్ గ్రౌండ్‌కి కలపండి. వంటింటి అల్యూమినియం రేకు కూడా పనిచేస్తుంది గానీ దానికి మామూలు టంకం పట్టదు, స్క్రూ, వాషర్ పెట్టి వైరు బిగించాల్సిందే. రేకు మీద ఇన్సులేషన్ టేపు వేయడం మరిచిపోవద్దు. లేకపోతే బోర్డు వెనకవైపు రేకుకి తగిలి అంతా షార్ట్ అవుతుంది.

లోహపు డబ్బా పెట్టినంత మాత్రాన పని అయిపోయినట్టు కూడా కాదు. 2009లో నేనొక పెడల్ చేశాను. డై కాస్ట్ (అచ్చులో పోసిన) అల్యూమినియం డబ్బా, లోపల శుభ్రమైన వైరింగ్, పైన నాలుగు పూతల నీలం రంగు. రంగు వేయకముందు నిశ్శబ్దంగా ఉన్న పెడల్, రంగు ఆరాక మూత బిగిస్తే గుయ్యిమంది. ఒక రాత్రంతా బోర్డుతో కుస్తీ పట్టాను. తెల్లవారుజామున మూతని వేలితో అదిమితే రొద తగ్గడం గమనించాను. డబ్బా అంచుల మీదా, మూత లోపలి అంచు మీదా రంగు కూర్చుంది. మూతకి, డబ్బాకి మధ్య రంగు పొర అడ్డుపడి, మూత గ్రౌండ్‌కి కలవకుండా వేలాడుతోంది. బ్లేడుతో రెండు మూలల్లో రంగు గీకి, స్క్రూలు బిగించాను, రొద పోయింది. అప్పటినుంచి రంగు వేసే ముందు అంచులకి మాస్కింగ్ టేపు వేస్తాను. జాక్ బిగించే చోట డబ్బా లోపలివైపు కూడా లోహం కనబడేదాకా గీకి, పళ్ల వాషర్ పెడతాను. మీరూ అలాగే చేయండి.

ప్రశ్న: చర్చిలో గిటార్ వాయిస్తాను. నా పెడల్ స్టీలు డబ్బాలో ఉంది. వట్టి కాళ్లతో తొక్కినప్పుడు కాలికి సన్నగా జివ్వుమంటోంది. పాడుతూ మైకుకి పెదవి తగిలితే ఇంకా గట్టిగా కొడుతోంది. పెడల్ మీద రబ్బరు షీటు అంటిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కాకినాడ దగ్గర

జవాబు: సరిపోదు. దయచేసి ఈ ఆదివారం ఆ వైరింగ్ మీద గిటార్ పట్టుకోకండి. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను నిద్రపోనివ్వంది మీదే.

మీ పెడల్ షాక్ పుట్టించడం లేదు. 9 వోల్టులకి ఆ శక్తి లేదు. షాక్ ఆంప్లిఫయర్ నుంచి వస్తోంది. దారి ఇలా ఉంటుంది: ఆంప్లిఫయర్ ఛాసిస్, అక్కడినుంచి గిటార్ కేబుల్ పైజాలీ, పెడల్ జాక్, పెడల్ డబ్బా, మళ్లీ కేబుల్, గిటార్ తీగలు. ఇవన్నీ ఒకే లోహపు ముక్క కింద లెక్క. ఆంప్లిఫయర్‌కి ఎర్త్ సరిగా ఉంటే లోపల లీకయ్యే కరెంటు ఎర్త్ వైరులోకి పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టో, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులో దూర్చో వాడితే ఆ కరెంటుకి దారి ఉండదు. వట్టి కాళ్లతో డబ్బా తొక్కిన మీరే దానికి దారి అవుతారు. మైకు మిక్సర్ ద్వారా ఇంకో ఎర్త్‌కి కలిసి ఉంటుంది, అందుకే పెదవికి గట్టిగా కొడుతోంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు స్టేజి మీదే, ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇవాళ జివ్వుమన్నది రేపు ఆంప్లిఫయర్ లోపల ఒక వైరు ఊడితే జివ్వుమనడంతో ఆగదు.

మల్టీమీటర్‌ని ఏసీ వోల్టులకి మార్చి, ఒక ప్రోబ్ పెడల్ డబ్బాకి, రెండోది మంచి ఎర్త్ అని తెలిసిన సాకెట్ పెద్ద రంధ్రానికి ఆనించండి. ప్రోబ్‌ల లోహం మీద చెయ్యి పడనివ్వొద్దు. పదుల్లో వోల్టులు చూపిస్తే ఆంప్లిఫయర్‌కి ఎర్త్ అందడం లేదు. ఆ తర్వాత పని ఎలక్ట్రీషియన్‌ది. చర్చి సాకెట్లలో నిజంగా ఎర్త్ ఉందో లేదో అతనితో చూపించండి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, పెట్టించమని పెద్దలకి చెప్పండి. సౌండ్ సిస్టమ్‌కి పెట్టే ఖర్చులో అది ఓ మూలకి రాదు. ఆంప్లిఫయర్, మిక్సర్ రెండూ ఒకే చోట నుంచి కరెంటు తీసుకునేలా చూసుకోండి. ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ తగ్గుతుందని ఎవరు చెప్పినా వినకండి.

పెడల్ డబ్బా స్టీలుదే ఉండనివ్వండి. రబ్బరు మూత వేస్తే మీకు హెచ్చరిక అందకుండా పోతుంది, ప్రమాదం మాత్రం తీగల్లో అలాగే ఉంటుంది.

ప్రశ్న: పాత ఏసీ 128 జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో ఫజ్ చేశాను. జనవరిలో అద్భుతంగా మోగింది. మేలో నోట్ మధ్యలోనే తెగిపోతోంది, గొంతు పట్టేసినట్టు ఉంటోంది. చల్లటి గదిలో పెడితే మళ్లీ మామూలే. పార్టులు పాడైపోయాయా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పాడవలేదు. బెజవాడ ఎండకి మనుషులకే సొమ్మసిల్లినట్టు ఉంటుంది, జెర్మేనియం అంతకన్నా సుకుమారం.

మీరు చేసిన సర్క్యూట్ లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ 1966లో తెచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్ వంశానిది. మైకు స్టాండు కింద ఉండే గుండ్రటి ఇనుప దిమ్మ చూసి దాని డబ్బాకి ఆ ఆకారం ఇచ్చారు. లోపల నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు కంట్రోళ్లు, రెండు ట్రాన్సిస్టర్లు, మొత్తం 11 పార్టులు. ఇంత తక్కువ పార్టులున్న సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్ గుణం మారితే సర్దుకునే చోటు ఉండదు. జెర్మేనియంలో ఎప్పుడూ కొంత కరెంటు లీకవుతూనే ఉంటుంది. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఆ లీకేజీ దాదాపు రెండింతలు. జనవరి సాయంత్రం 25 డిగ్రీలు, మే మధ్యాహ్నం 45 అనుకుంటే లీకేజీ నాలుగింతలు. ట్రాన్సిస్టర్‌కి మనం పెట్టిన వోల్టేజీలు అటూ ఇటూ జారిపోతాయి. నోట్ తెగడం అందుకే.

ట్రాన్సిస్టర్‌కి ఎమిటర్, బేస్, కలెక్టర్ అని మూడు కాళ్లు. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర వోల్టేజీ కొలవండి. 4.5 వోల్టుల దగ్గర ఉండాలి. మీది ఏసీ 128 కాబట్టి మైనస్ 4.5 చూపిస్తుంది. అక్కడుండే 8.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీసి 10 కిలో ఓమ్ ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే రెసిస్టర్) వేసి, దాన్ని తిప్పుతూ 4.5కి తెచ్చుకోండి. నేను డబ్బా పక్కగోడకి 4 మిల్లీమీటర్ల చిల్లు పెట్టి, సరిగ్గా దాని వెనక ప్రీసెట్ కూర్చోబెడతాను. ఎండాకాలం, చలికాలం మారేటప్పుడు మూత తీయకుండానే సన్న స్క్రూడ్రైవర్‌తో సర్దుకోవచ్చు. డబ్బాకి నల్ల రంగు వేసి ఉంటే ఆరుబయట వాయించేటప్పుడు ఎండ పడని చోట పెట్టండి.

మళ్లీ కొనేటప్పుడు పరీక్షించి కొనండి. మీటర్‌లో ఉండే గెయిన్ (ట్రాన్సిస్టర్ ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె) సాకెట్‌ని నమ్మొద్దు, అది లీకేజీని కూడా గెయిన్‌లోనే కలిపి చూపిస్తుంది. 2.2 కిలో ఓమ్, 270 ఓమ్ వరసగా కలిపితే 2.47 కిలో ఓమ్ అవుతుంది. ఎమిటర్ 9 వోల్టుల ప్లస్‌కి, కలెక్టర్ ఆ 2.47 కిలో ద్వారా మైనస్‌కి కలపండి. బేస్ ఖాళీగా వదిలి ఆ రెసిస్టర్ మీద వోల్టులు చూడండి. ఇది లీకేజీ. ఇప్పుడు బేస్‌ని 2.2 మెగ్ ఓమ్ ద్వారా మైనస్‌కి కలిపి మళ్లీ చూడండి. రెండో రీడింగ్‌లోంచి మొదటిది తీసేసి 100తో గుణిస్తే అసలు గెయిన్. మొదట 0.30, తర్వాత 1.15 వచ్చాయనుకోండి, గెయిన్ 85. మొదటి రీడింగే 0.7 దాటితే ఆ ట్రాన్సిస్టర్ మన ఊళ్లకి పనికిరాదు. మొదటి స్థానంలో 70 నుంచి 80, రెండో స్థానంలో 100 నుంచి 130 గెయిన్ ఉన్నవి వేస్తే నాకు బాగా నచ్చే శబ్దం వస్తుంది.

కొలిచేటప్పుడు ట్రాన్సిస్టర్‌ని వేళ్లతో పట్టుకోకండి. ఒకసారి కావాలనే దాని మీద నోటితో వెచ్చగా ఊది చూడండి. మీటర్ అంకె కళ్లముందే పైకి పాకుతుంది. ఆగితే ఒక నిమిషంలో మెల్లగా దిగుతుంది. మే నెలలో మీ పెడల్‌కి జరిగింది ఇదే.

ఇంకొక్క జాగ్రత్త. ఏసీ 128 పీఎన్‌పీ రకం, అంటే ప్లస్, మైనస్ తిరగేసి కట్టాల్సిన రకం. పాత పద్ధతిలో కడితే బ్యాటరీ ప్లస్ డబ్బాకి కలుస్తుంది. మిగతా పెడల్స్ అన్నిటికీ డబ్బా అంటే మైనస్. ఒకే అడాప్టర్ నుంచి రెండింటికీ కరెంటు ఇస్తే ప్లస్, మైనస్ డబ్బాల మీదుగా షార్ట్ అవుతాయి. దీనికి విడిగా బ్యాటరీ ఒకటి ఉంచండి. మూత లోపల పెద్ద అక్షరాలతో "ప్లస్ గ్రౌండ్" అని రాసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి పాత ట్రాన్సిస్టర్ రేడియో ఇంట్లో ఉంది. లోపల ఏసీ 127, ఏసీ 128 కనిపిస్తున్నాయి. రేడియో ఇంకా మోగుతోంది గానీ ఎవరూ వినడం లేదు. తీసి పెడల్‌లో వాడుకోనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా. మోగుతున్న రేడియోని విప్పకండి. ఆ రెండూ స్పీకర్‌ని నడిపే జంట, ఒకటి తీసినా రేడియో మూగబోతుంది. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు 1960ల్లోనే జెర్మేనియం ట్రాన్సిస్టర్లు చేయడం మొదలుపెట్టారు. అలాంటి ట్రాన్సిస్టర్లతో నడిచిన రేడియోలు ఊరికి కొన్ని కూడా మిగల్లేదు. బ్యాటరీ పెట్టెలో పచ్చగా చిలుము పట్టి ఉంటే దూదితో కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, ఆరాక కొత్త బ్యాటరీలు వేసి నాన్నగారికి వినిపించండి.

పెడల్‌కి మీకు జెర్మేనియమే కావాలంటే కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లండి. పూర్తిగా చెడిపోయి, పార్టుల కింద అమ్మే పాత రేడియో బోర్డుల గురించి అక్కడ అడగొచ్చు. మొదటి పెడల్ అయితే నా సలహా సిలికాన్ ట్రాన్సిస్టర్లు. ఫజ్ ఫేస్ కూడా తర్వాత సిలికాన్‌కి మారింది, బీసీ 108 లాంటివి వాడారు. ఆ కుటుంబానికే చెందిన బీసీ 548 ఏ షాపులోనైనా రూపాయల్లో దొరుకుతుంది. ఎండకి జడవదు. శబ్దం కొంచెం పదునుగా ఉంటుంది, గెయిన్ బాగా ఎక్కువ. ఒక్కోసారి దగ్గర్లోని రేడియో స్టేషన్‌ని కూడా పట్టేస్తుంది. అప్పుడు ఒక్కో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి, బేస్‌కి మధ్య 100 పైకోఫారడ్ కెపాసిటర్ వేయండి. మొదటి ప్రశ్నలో చెప్పినట్టు డబ్బా గ్రౌండ్ చేయండి.

ప్రశ్న: డై కాస్ట్ డబ్బా రేటు చూస్తే లోపలి సామాను అంతటికంటే ఎక్కువ ఉంది. స్టీలు టిఫిన్ డబ్బా వాడొచ్చా? చిల్లులు ఎలా వేయాలి? నా దగ్గర చేతి డ్రిల్ మెషిన్ మాత్రమే ఉంది.
– ఒక విద్యార్థి, మంచిర్యాల

జవాబు: వాడొచ్చు బాబూ. నేను మొదట చేసిన మూడు పెడల్స్ టిఫిన్ డబ్బాల్లోనే ఉన్నాయి. అయితే స్టీలు డబ్బాతో రెండు ఇబ్బందులు. రేకు పల్చన కాబట్టి కాలితో తొక్కితే లోపలికి కుంగుతుంది. స్విచ్ కింద డబ్బా అడుగుదాకా ఆనేలా చిన్న చెక్కదిమ్మ కోసి పెడితే కుంగదు. రెండోది, స్టెయిన్‌లెస్ స్టీలుని వేగంగా డ్రిల్ చేస్తే అది వేడెక్కి ఇంకా గట్టిపడుతుంది, బిట్టు మొండి అవుతుంది. మెషిన్ మెల్లగా తిప్పుతూ, గట్టిగా ఒత్తుతూ, నూనె చుక్కలు వేస్తూ పోవాలి.

అల్యూమినియం డబ్బా కొనగలిగితే అదే హాయి. పెడల్ చేసేవాళ్లంతా ఈ డబ్బాలు చేసే హ్యామండ్ కంపెనీ నంబర్లతోనే మాట్లాడుకుంటారు. 1590బి అంటే సుమారు 112 మిల్లీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 31 ఎత్తు. వేరే కంపెనీలవి కూడా ఇదే కొలతతో దొరుకుతాయి. మొదటిసారికి నేనైతే 125బి తీసుకోమంటాను. 122, 66, 39. ఆ ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తు నీ వేళ్లకి, వైర్లకి చాలా ఊరట.

డ్రిల్ పట్టుకునే ముందు సామానంతా ఖాళీ డబ్బాలో అమర్చి చూడు. రెండు జాక్‌లు ఎదురెదురు గోడలకి పెడితే, కేబుల్ పిన్నులు దూర్చాక లోపల కొసలు ఒకదానికొకటి తగలొచ్చు. పిన్నులు దూర్చే కొలువు. తొక్కే స్విచ్ లోపల ఎంత దిగుతుందో చూసుకుని బోర్డుని దానికి పైభాగంలో పెట్టు. వాయించేవాడికి కుడివైపు ఇన్‌పుట్, ఎడమవైపు అవుట్‌పుట్. ఈ వరస మార్చకు, స్టేజి మీద చీకట్లో అందరి చేతులూ అలవాటుగా అక్కడికే వెళతాయి.

గళ్ల కాగితం మీద గీసి డబ్బాకి టేపుతో అంటించు. ప్రతి చిల్లు మధ్యలో పంచ్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. ఆ గుంట లేకపోతే బిట్టు జారి డబ్బా మీద గీతలు గీస్తుంది. ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో అన్ని చిల్లులూ వెయ్యి. తర్వాత మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ బిట్టుతో పెంచు. తొక్కే స్విచ్‌కి 12, జాక్‌లకి 10, కంట్రోళ్లకి 7, అడాప్టర్ సాకెట్‌కి 12, ఎల్‌ఈడీకి 5 మిల్లీమీటర్లు. నీ చేతిలో ఉన్న పార్టుని మాత్రం మళ్లీ కొలువు, అర మిల్లీమీటరు తేడా ఉంటుంది. అల్యూమినియంకి కిరోసిన్ చుక్క వేస్తే పొట్టు బిట్టుకి అంటుకోకుండా చుట్టలు చుట్టుకుంటూ బయటికి వస్తుంది. వాసన భరించలేకపోతే వంటనూనె వెయ్యి.

డబ్బాని ఎప్పుడూ చేత్తో పట్టుకోకు. లోపల చెక్కముక్క దూర్చి బల్లకి క్లాంపుతో బిగించు. బిట్టు అవతలికి దిగే ఆఖరి క్షణంలో రేకుని పట్టి గిర్రున తిప్పేస్తుంది. నా ఎడమ బొటనవేలి మొదట్లో ఇప్పటికీ అరంగుళం మచ్చ ఉంది. ఆరోజు తొందరలో క్లాంపు బిగించలేదు. కళ్లద్దాలు పెట్టుకో. చిల్లుల అంచులు ఆకురాయితో సాఫు చెయ్యి, లేకపోతే వైర్ల తొడుగు కోసుకుపోతుంది.

ప్రశ్న: ఇంట్లో సీసీటీవీ కెమెరా అడాప్టర్ ఉంది. పెడల్‌కి పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వద్దు. అది మామూలుగా 12 వోల్టులు, పైగా మధ్య పిన్ను ప్లస్. పెడల్స్‌కి 9 వోల్టులు, మధ్య పిన్ను మైనస్ అనేది లోకమంతా పాటించే వాడుక. సాకెట్‌లో సరిగ్గా పడుతుంది కాబట్టే ప్రమాదం. మీ పెడల్‌లో అడాప్టర్ ప్లస్ దారిలో వరసగా ఒక 1ఎన్ 5817 డయోడ్ (కరెంటుని ఒక్క దిక్కునే పోనిచ్చే పార్టు) వేయండి. ఎవరు తిరగేసిన అడాప్టర్ పెట్టినా కరెంటు లోపలికి పోదు, పార్టులు బతుకుతాయి. ఆ డయోడ్ తర్వాత గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే అడాప్టర్ రొద కూడా కొంత తగ్గుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. యూట్యూబ్ చూసి పెడల్స్ చేస్తోంది. గది తలుపులు వేసుకుని సోల్డరింగ్ చేస్తుంటే పొగ చూసి నాకు టెన్షన్‌గా ఉంది. సీసం ఒంట్లోకి పోతుందా? మాన్పించనా?
– ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: మాన్పించకండమ్మా. తలుపులు తెరిపించండి. ఆ పొగ సీసానిది కాదు, టంకం తీగ లోపల ఉండే ఫ్లక్స్‌ది, అంటే గుగ్గిలం లాంటి రెజిన్‌ది. సోల్డరింగ్ వేడికి సీసం కరుగుతుంది గానీ ఆవిరి కాదు. అలాగని పొగ మంచిది కాదు, రోజూ పీలిస్తే ఆయాసం, ఉబ్బసం రావచ్చు. కిటికీ దగ్గర కూర్చోమనండి. చిన్న టేబుల్ ఫ్యాన్‌ని పొగని పక్కకి లాగేలా, మొహం మీదకి గాలి రాకుండా పెట్టమనండి. సీసం నోట్లోకి చేరేది చేతుల ద్వారా. మామూలు 60/40 టంకంలో 40 పాళ్లు సీసమే. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, బల్ల మీద తినకూడదు, తీగని పళ్లతో పట్టుకోకూడదు. ఈ మూడోది అమ్మాయిని గట్టిగా అడగండి. రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు కొత్తవాళ్లు అందరూ చేసే పని అదే. ఒక చిన్న వైస్ కొనిపెడితే ఆ అవసరం ఉండదు.

ఒక్కసారి ఆమె పక్కన కూర్చుని తను చేసింది వినిపించమనండి. అడుగుతున్నారంటే మీకే వినాలని ఉందని నాకు అర్థమైంది.

ప్రశ్న: స్విచ్ తొక్కగానే స్పీకర్‌లో టప్‌మని కొడుతోంది. ప్రార్థన మధ్యలో అందరూ తిరిగి చూస్తున్నారు.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇన్‌పుట్ కెపాసిటర్ బయటి కొసలో నిల్వ ఉన్న చార్జీ స్విచ్ కలిసే క్షణంలో ఒక్కసారి దిగడమే ఆ టప్. బోర్డు ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 1 మెగ్ ఓమ్ రెసిస్టర్ ఒకటి వేయండి. అవుట్‌పుట్‌కి వాల్యూమ్ కంట్రోల్ ఎలాగూ ఆ పని చేస్తుంది. వేసిన వెంటనే ఒకటి రెండుసార్లు టప్ వచ్చి తర్వాత ఆగిపోతుంది. ఆగకపోతే ఎల్‌ఈడీ వైరు ఊడదీసి చూడండి. అప్పుడు పోతే ఎల్‌ఈడీ రెసిస్టర్ 1 కిలో నుంచి 4.7 కిలోకి పెంచండి, వెలుగు తగ్గినా కంటికి సరిపోతుంది. స్విచ్ కాళ్లకి టంకం పెట్టేటప్పుడు మూడు సెకన్లు మించి వేడి పెట్టొద్దు. లోపలి ప్లాస్టిక్ కరిగి స్విచ్ వదులైనా ఇలాగే కొడుతుంది.

ప్రశ్న: డబ్బాకి రంగు ఎలా వేయాలి? నేను వేసిన స్ప్రే రంగు రెండు ప్రోగ్రాములకే లేచిపోయింది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నున్నటి అల్యూమినియానికి రంగు నేరుగా పట్టదు. 220 నంబరు ఎమిరీ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్ది, 400తో సాఫు చేసి, థిన్నర్‌తో తుడవండి. ఆ తర్వాత చేతులతో ముట్టుకోవద్దు, వేలిముద్ర నూనె ఉన్నచోటే రంగు లేస్తుంది. అల్యూమినియానికి పట్టే ప్రైమర్ ఒక పల్చటి కోటు, ఆరాక రంగు మూడు పల్చటి కోట్లు. మీ అసలు తప్పు తొందర అనుకుంటున్నాను. పైకి గంటలో ఆరినట్టు కనిపిస్తుంది, లోపల గట్టిపడటానికి వారం పడుతుంది. వారందాకా నట్లు బిగించకండి.

గేట్లకీ కారు చక్రాలకీ పౌడర్ కోటింగ్ చేసే షాపు మీ ఊళ్లో ఉంటే ఇంకా మంచిది. ఖాళీ డబ్బా ఇచ్చి, వాళ్లు ఆరోజు వేస్తున్న రంగులోనే మీదీ వేయమని అడగండి, విడిగా మెషిన్ శుభ్రం చేసే పని ఉండదు కాబట్టి ఒప్పుకుంటారు. 180, 200 డిగ్రీల్లో కాలుస్తారు, కాబట్టి లోపల ఏ పార్టూ ఉండకూడదు. స్క్రూ రంధ్రాల్లో పాత స్క్రూలు బిగించి ఇవ్వండి, లేకపోతే మరల్లో రంగు కూర్చుంటుంది. అంచులు, జాక్ చిల్లుల లోపలివైపు వదిలేయమని చెప్పండి. మరిచిపోతే తెచ్చాక గీకండి.

చివరి స్క్రూ బిగించే ముందు ఒక కాగితం మీద తేదీ, ట్రాన్సిస్టర్ల నంబర్లు, ఆరోజు కలెక్టర్ వోల్టేజీ, ప్లస్ గ్రౌండా మైనస్ గ్రౌండా అన్నది రాసి, మూత లోపల పారదర్శకమైన టేపుతో అంటించండి. పదేళ్ల తర్వాత ఆ మూత తీసే మనిషి, అది మీరే అయినా సరే, మీటర్ పెట్టే ముందు దాన్నే చదువుకుంటాడు.